ఎర్ర బండికి మొప్పలు బిగించిన వారం

బండ్లు బాగుచేసే షెడ్డులో నన్ను అందరూ పిరికి సామేలు అనేవాళ్ళు. డ్రిల్లు చేతిలోకి తీసుకున్నాక కూడా, రేకుకి కంత పెట్టే ముందు నేను ఒకసారి బయటికి పోయి టీ తాగి వస్తానని ఎగతాళి. అందులో అబద్ధం లేదు. టీ తాగుతూ ఆ రేకు వెనకాల ఏముందో మనసులో చూసుకునేవాణ్ణి. చూసుకున్నాక కూడా చేయి వణికేది.

ఇప్పుడు కళ్ళకి మసక వచ్చింది, మణికట్టు పట్టు తప్పింది, పని మానేశాను. అరకులో కొత్తగా ఈ పనిలోకి దిగే పిల్లలు, ఐటీఐ చదివిన వాళ్ళు, చదవని వాళ్ళు, అప్పుడప్పుడు మా అరుగు మీదికి వచ్చి "ఏటి నేర్సుకోవాల తాతా?" అని అడుగుతుంటారు. భయపడ్డం నేర్చుకోండి అంటాను. నవ్వి పోతారు. నవ్విన వాళ్ళ కోసమే ఇదంతా రాస్తున్నాను.

రేకు వెనకాల

మాది టింకరింగ్ పని. సొట్టలు తీయడం, తుప్పు కోసి అతుకు వేయడం, తలుపులు సరిగ్గా పడేలా చూడడం. ఘాట్ రోడ్డు ఉన్నంత కాలం ఆ పనికి కొదవ లేదు. గోడకి రాసుకున్నవి, ఆవుల్ని తప్పించబోయి రాయికి కొట్టుకున్నవి, ఒకటి పోతే ఒకటి వచ్చేవి. అవి కష్టమైన పనులే కానీ భయం తక్కువ. బండి అప్పటికే పాడై ఉంది కాబట్టి మనం దాన్ని బాగు చేయడమే తప్ప కొత్తగా చెడగొట్టేదేమీ ఉండదు.

భయమంతా అలంకారం పనుల్లో ఉంది. బాగున్న బండిని తెచ్చి, దానికి మెరిసే పట్టీ వేయమంటారు. బాగున్న రేకుకి మనం కంత పెట్టాలి. పెట్టిన కంత మళ్ళీ పూడదు. పూడ్చినా రంగు కలవదు.

ఒకసారి టూరిస్టుల్ని తిప్పే జీపుకి తలుపుల మీద స్టీలు పట్టీలు వేస్తున్నాం. నా పక్కనే పనిచేసే అతను, మంచి పనివాడు, పెన్సిలుతో గీత గీసి, టేపు వేసి, చక్కగా కంత పెట్టాడు. తలుపు లోపల గలగలమని చప్పుడైంది. కిటికీ అద్దం కిందికి దించి ఉందని ఎవరూ చూడలేదు. డ్రిల్లు నేరుగా పోయి అద్దానికి తగిలింది. ఆ రోజు ఆ జీపు యజమాని తిట్టిన తిట్లు నాకింకా కంఠతా వచ్చు, రాయను. ఆ అద్దం చప్పుడు మాత్రం చాలా కాలం నిద్రలో వినిపించేది. అప్పటి నుంచి నేను కంత పెట్టే చోటు కంటే ముందు దాని అవతలి వైపు చూస్తాను. వైరు ఉందా, పైపు ఉందా, అద్దం ఉందా, ఏదైనా కదిలే వస్తువు అక్కడికి వస్తుందా. ఈ ఆఖరి మాట ముఖ్యం. ఉన్న వస్తువు కనిపిస్తుంది. కదిలి వచ్చేది కనిపించదు.

అప్పన్న మేస్త్రి

నేను ఎక్కువ కాలం పనిచేసింది అప్పన్న మేస్త్రి దగ్గర. విజయనగరం వైపు నుంచి వచ్చి అరకులో షెడ్డు వేసిన మనిషి. చేతిలో విద్య ఉంది. వంగిపోయిన మడ్‌గార్డుని సుత్తి, చెక్కదిమ్మ తప్ప ఇంకేమీ లేకుండా యథాస్థితికి తెచ్చేవాడు. అలాంటి చెయ్యి నేను మళ్ళీ చూడలేదు. ధైర్యం కూడా అంతే. జాకీ మీద ఉన్న బండి కిందికి దిమ్మలు పెట్టకుండానే దూరిపోయేవాడు. నేను దిమ్మలు పట్టుకుని పక్కనే నిలబడేవాణ్ణి.

"ఏటిరా సామేలూ, బండి నా మీద పడితే నీకేటి, షెడ్డు నీకే రాసిచ్చీసి పోతాను గదా" అని కింద నుంచే నవ్వేవాడు.

మేస్త్రిలో ఒక లోపం ఉంది, చెప్పాల్సిందే. బండి గలవాడు గట్టిగా అడిగితే కాదనలేడు. అందులోనూ విశాఖపట్నం నుంచి ఇంగ్లీషు మాట్లాడుతూ వచ్చిన వాడైతే మరీను. "పెద్దోళ్ళు, మనకెందుకు" అనేవాడు. బండి కిందికి దూరిపోయే మనిషి బండి యజమాని ముందు పిల్లిలా అయిపోయేవాడు. నేనూ అంతే అనుకోండి. నాకు బండన్నా భయమే, యజమానన్నా భయమే.

శేఖర్ గారి బండి

శేఖర్ గారు విశాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. అరకులో కాఫీ తోట పక్కన ఇల్లు కట్టుకున్నారు. ఆయన దగ్గర ఒక పాత విదేశీ స్పోర్ట్స్ కారు ఉండేది. రెండే సీట్లు, పొడుగు ముక్కు, ఎర్ర రంగు, సైకిలుకి ఉన్నట్టు తీగల చక్రాలు. నేల మీద పాకుతున్నట్టుండేది. దాన్ని చూడడానికి సంతకి వచ్చిన వాళ్ళు బుట్టలు దించుకుని మరీ నిలబడేవాళ్ళు.

దాని ముందు మడ్‌గార్డుల మీద, చక్రానికి వెనక పక్క, ఇంజను వేడి పోవడానికి నిలువు కంతలు ఉంటాయి. చేప మొప్పల్లా ఉంటాయి కాబట్టి మేం వాటిని మొప్పలు అనేవాళ్ళం. వాటి చుట్టూ బిగించే మెరిసే చట్రాల్ని శేఖర్ గారు విదేశం నుంచి తెప్పించారు. బీచ్ రోడ్డులో పాత కార్ల ప్రదర్శన ఉందట. సోమవారం ఉదయం బండి అక్కడ ఉండాలి. శుక్రవారం మధ్యాహ్నం చట్రాలు పెట్టెతో సహా తెచ్చి మేస్త్రి చేతిలో పెట్టారు.

శనివారం నేను పని మొదలుపెట్టాను. బండిని స్టాండ్ల మీదికి ఎత్తి, ముందు చక్రాల వెనక ఉండే లోపలి రేకులు విప్పాను. ఆ రేకు మడ్‌గార్డు లోపల అడ్డంగా ఉండి బురద, రాళ్ళు పైకి పోకుండా ఆపుతుంది. టేపు వేసి, గీతలు గీసి, టీ తాగి వచ్చి, కంతలు పెట్టాను. బాగా వచ్చాయి. చట్రం పెట్టి చూస్తే అతికినట్టు కుదిరింది. ఎర్ర రంగు మీద ఆ మెరుపు చూసి నాకే ముచ్చటేసింది.

తర్వాత వెనక్కి వెళ్ళి చూశాను. చట్రానికి వెనకాల బిగింపు కోసం స్టడ్లు ఉంటాయి, మేకుల్లా పొడుచుకు వచ్చే కాళ్ళు. ఆ కాళ్ళు మరీ పొడుగు. వేరే ఏదో వెడల్పాటి బండికి చేసినవి. నట్టు బిగించాక కూడా వేలెడు ఇనుము లోపలికి పొడుచుకుని ఉంది. లోపలి రేకు పెట్టబోతే ఆ మొనలు తగిలి కూర్చోవడం లేదు.

"మేస్త్రీ, కాళ్ళు కొయ్యాలి" అన్నాను.

మేస్త్రి ఫోన్ చేసి అడిగాడు. శేఖర్ గారు సాయంత్రం స్వయంగా వచ్చారు, మనవరాలిని వెంటబెట్టుకుని. నిత్య అని, ఎనిమిదేళ్ళు ఉంటాయేమో. ఆ అమ్మాయి నేరుగా పోయి చట్రంలో తన ముఖం చూసుకుని నాలుక బయటపెట్టింది.

"చూడవయ్యా సామేలూ, దీని మీద రంపం పెట్టావంటే ఊరుకునేది లేదు. ఉన్నది ఉన్నట్టు ఉండాలి. ప్రదర్శనలో వాళ్ళు వెనకాల కూడా చూస్తారు" అన్నారు శేఖర్ గారు.

"లోపలి రేకు పట్టడం లేదండి. చట్రం కింద మందపాటి బిళ్ళలు వేస్తే కాళ్ళు లోపలికి అంత పొడుచుకు రావు. సోమవారానికి తెప్పిస్తాను."

"సోమవారం ఉదయానికి బండి బీచ్‌లో ఉండాలి. ఆదివారం మధ్యాహ్నం నేను ఘాట్ దిగిపోతాను."

నేను మేస్త్రి ముఖం చూశాను. మేస్త్రి నేల చూశాడు. ఆదివారం నేను పనికి రాను, చర్చి ఉంటుంది. రాత్రికి వదిలేసి, ఉదయం ఆరాధన అయ్యాక వచ్చి ఏదో ఒకటి చేద్దామని ఇంటికి పోయాను.

రెండు రేకులు

ఆదివారం షెడ్డుకి వచ్చేసరికి బండి లేదు. స్టాండ్లు ఖాళీగా ఉన్నాయి. లోపలి రేకులు రెండూ గోడకి ఆనించి ఉన్నాయి.

"సర్చి అయిపోనాదా?" అన్నాడు మేస్త్రి టీ గ్లాసు ఊదుకుంటూ. "ఆ బాబు బేగి ఇమ్మని పట్టుపట్టీసాడు. నేనే బిగించి ఇచ్చీసాను. మెరిసిపోతంది బండి."

"రేకులు?"

"పట్టలేదు. అవి లేకపోతే ఏటవుద్ది? నాలుగు రాళ్ళు తగుల్తాయి. పైకి అగుపడదు గదా."

పైన పటారం, లోన లొటారం అని ఊరికే అనలేదు పెద్దలు. మేస్త్రి మాట విని నాకు మొదట కోపం వచ్చింది. కోపం వచ్చినంత సేపు పట్టలేదు, అది భయంగా మారడానికి.

"మేస్త్రీ, స్టీరింగు తిప్పి చూశారా?"

"ఎందుకురా? స్టాండ్ల మీద ఉంది గదా, సక్రాలు తిన్నగానే ఉన్నాయి."

అదీ సంగతి. స్టాండ్ల మీద ఉన్న బండికి చక్రాలు కిందికి వేలాడుతుంటాయి, తిన్నగా ఉంటాయి. మొప్పల కాళ్ళకీ టైరుకీ మధ్య చేయి పట్టేంత చోటు కనిపిస్తుంది. అరకు నుంచి బయల్దేరి తిన్నని రోడ్డు మీద పోతున్నంత సేపూ ఆ చోటు ఉంటుంది. కానీ ఘాట్‌లో కుడి మలుపు వచ్చినప్పుడు స్టీరింగు చివరిదాకా కొట్టాలి. అప్పుడు ఎడమ చక్రం వెనక అంచు బయటికి వస్తుంది. బండి బరువంతా ఆ వైపే ఒరుగుతుంది, మడ్‌గార్డు కిందికి దిగుతుంది. ఆ ఇనప మొనలు సరిగ్గా టైరు పక్క రబ్బరు మీదికి వస్తాయి. రేకు ఉంటే మధ్యలో అడ్డం ఉండేది, కనీసం చప్పుడైనా చేసేది. ఇప్పుడు అడ్డం లేదు. ప్రతి కుడి మలుపుకీ ఎడమ టైరుకి ఒక కోత, ఎడమ మలుపుకి కుడి టైరుకి. పాత తీగ చక్రం, లోపల ట్యూబు. మలుపులో ఎడమ ముందు టైరు పేలితే స్టీరింగు ఎవరి మాటా వినదు.

నేను గోడ దగ్గరున్న రేకు తీసుకుని, షెడ్డులో ఉన్న జీపు చక్రం పక్కన పెట్టి చూపించాను. చెప్పడం సగంలో ఉండగానే మేస్త్రి చేతిలో గ్లాసు వాలిపోయింది.

"పాప కూడా ఉందిరా బండిలో" అన్నాడు.

ఫోన్ చేశాం. మోగలేదు. మళ్ళీ చేశాం. ఘాట్‌లో సిగ్నల్ ఎక్కడ ఉంటుందో ఎక్కడ ఉండదో మాకు తెలుసు, అయినా చేశాం. మేస్త్రి జేబులోంచి మోటారు సైకిల్ తాళం తీసి నా చేతిలో పెట్టబోయాడు. ఆ చెయ్యి, జాకీ కింద వణకని చెయ్యి, తాళాన్ని కింద పడేసింది.

"నేను తోల్లేనురా సామేలూ. నువ్వెల్లు. బేగెల్లు."

ఘాట్‌లో

ఆ ప్రయాణం గురించి రాయాలంటే ఇప్పటికీ అరచేతులు తడుస్తాయి. సుంకరిమెట్ట దాటేదాకా ఎలా పోయానో తెలియదు. గాలికొండ దగ్గర నుంచి మాత్రం అంతా గుర్తుంది. ఒక్కో మలుపు దగ్గర నేను రోడ్డు చూడలేదు. ముందు పిట్టగోడ చూశాను. గోడ ఉందా, విరిగిందా. విరిగి ఉంటే ఆ విరుగు కొత్తదా పాతదా. ఘాట్‌లో విరిగిన గోడలు ఎప్పుడూ ఉంటాయి. ప్రతి విరుగు దగ్గరా నా ప్రాణం పోయి వచ్చింది. ఒక చోట బండి ఆపి లోయలోకి తొంగి చూశాను. కింద ఏదో ఎర్రగా కనిపించింది. మోదుగు పూలు. ఆ పూలని నేనెంత తిట్టానో.

చర్చి నుంచి వచ్చిన బట్టలతోనే ఉన్నాను. యేసయ్యా అని పిలిచాను. అది చాలదనిపించి, మా అక్క మొక్కే కొండ దేవతనీ పిలిచాను. పాస్టరు గారు చదివితే బాధపడతారు, కానీ జరిగింది జరిగినట్టు రాస్తానని అనుకున్నాను.

గాలికొండ దిగాక, ఒక కుడి మలుపులో, రోడ్డు మీద నల్లగా చుట్టుకుని ఏదో పడి ఉంది. పాము అనుకున్నాను. కాదు, టైరు రబ్బరు. కొబ్బరి చిప్పలోంచి చెక్కినట్టు సన్నగా, పొడుగ్గా, కొత్తగా తెగింది. చేత్తో పట్టుకుంటే వెచ్చగా ఉన్నట్టే అనిపించింది, ఎండ వల్లనేమో.

అక్కడి నుంచి అనంతగిరి దాకా నేనేం అనుకున్నానో చెప్పను. ఆ పాప చట్రంలో నాలుక చూపించిందే, అదొక్కటే కళ్ళ ముందు ఆడింది.

దుంగ

అది చైత్రమాసం. మా వైపు ఇటుకల పండగ రోజులు. మగవాళ్ళు అడవిలోకి వేటకి పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా దుంగ పెట్టి, వచ్చే పోయే బండ్లని ఆపి, పాటలు పాడి, పజోరు అడుగుతారు. పజోరు అంటే పండగ మామూలు. పదో పరకో ఇస్తే దుంగ తీస్తారు. లేకపోతే వాళ్ళతో కలిసి ఆడాలి. విశాఖ వాళ్ళు కొందరు నవ్వుతూ ఇస్తారు, కొందరు దారి దోపిడీ అని గొణుగుతారు.

అనంతగిరి దాటాక ఒక మలుపు తిరిగితే దుంగ కనిపించింది. దుంగకి ఇవతల ఎర్ర బండి కనిపించింది. నాలుగు చక్రాల మీద నిలబడి ఉంది. నేను మోటారు సైకిల్ స్టాండు వేయడం కూడా మర్చిపోయాను, అది పక్కకి పడిపోయింది.

దుంగ మీద చేయి వేసి నిలబడింది మా అక్క బుద్రి. వాళ్ళ ఊరు ఆ రోడ్డు పైనే. నేను చర్చికి పోయినా తను పాత దేవతల్ని వదల్లేదు. పండగ అంటే తనే ముందు.

"ఏటిరా తమ్ముడూ, దెయ్యం పట్టినట్టు వత్తన్నావు?" అంది. "సూడు ఈ బాబుని. పెద్ద బండి, పది రూపాయలివ్వనంతన్నాడు. ఎప్పటి నుంచో ఇక్కడే. మేం తియ్యం, ఆయన ఇవ్వడు."

శేఖర్ గారు బండి పక్కన నిలబడి ఉన్నారు, ముఖం ఎర్రబడింది. నిత్య అప్పటికే ఆడవాళ్ళ వరసలో చేరిపోయింది, చేతులు పట్టుకుని ముందుకీ వెనక్కీ అడుగులు వేస్తోంది.

నన్ను చూసి ఆయనకి ప్రాణం లేచి వచ్చింది.

"వచ్చావా! వీళ్ళు మీ వాళ్ళే కదా. మీ భాషలో చెప్పు. ఆ దుంగ తీయమను. ఇది పద్ధతి కాదు, నేను చీకటి పడేలోగా కిందికి దిగాలి."

నేను నేరుగా పోయి ఎడమ చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. టైరు పక్క రబ్బరు చుట్టూ వరసగా కోతలు. ఒక చోట రబ్బరు పూర్తిగా పోయి లోపలి నూలు కనిపిస్తోంది. నూలు కూడా సగం తెగింది. అందులోంచి ట్యూబు చిన్న బుడగలా బయటికి ఉబ్బి ఉంది. నేను దాన్ని ముట్టుకోలేదు. ఊపిరి కూడా దాని మీద పడకుండా ముఖం తిప్పుకున్నాను. ఎదురుగా దుంగకి అవతల రోడ్డు కుడి వైపుకి తిరిగి, కిందికి పోయి, కనిపించకుండా పోతోంది.

"ఏమయ్యా, నీతోనే! తీయమని చెప్పు!"

జీవితమంతా పెద్దవాళ్ళు గట్టిగా అడిగితే సరే అన్నవాణ్ణి. ఆయన గొంతుకి అప్పుడూ భయపడ్డాను. అయినా నడిచి వెళ్ళి ఆ దుంగ మీదే కూర్చున్నాను.

"తియ్యకు అక్కా" అన్నాను. "ఎవరు చెప్పినా తియ్యకు."

ఆయన అరిచారు. ఏం అరిచారో నాకు వినపడలేదు. నేను చక్రం వైపు చేయి చూపించాను. ఆయన విసురుగా వెళ్ళి వంగి చూశారు. చాలా సేపు వంగే ఉన్నారు. లేచాక అటు పాప వైపు చూశారు. ఆ పిల్ల అడుగు తప్పి, పక్కనున్న ఆవిడ సరిచేస్తే పకపకా నవ్వుతోంది. ఆయన వచ్చి దుంగ మీద నా పక్కన కూర్చున్నారు.

పిల్లలూ, ఇంత రాసింది ఇందుకే. పట్టీ మెరుపు చూసి మురిసిపోకండి. బండిని కిందికి దింపి, బరువు ఎక్కించి, స్టీరింగు అటు చివరికీ ఇటు చివరికీ కొట్టి, మీరు కిందికి వంగి చూడకుండా ఏ బండినీ గేటు దాటించకండి. యజమాని కేకలు వేస్తే వేయనివ్వండి. ఆయనకి భయపడండి, కానీ మలుపుకి ఎక్కువ భయపడండి.

బుద్రి అక్క చేట పట్టుకుని మా ముందుకి వచ్చింది. శేఖర్ గారు జేబులు తడుముకున్నారు, ఏదీ సరిగ్గా చేతికి రాలేదు. చేతి గడియారం విప్పి చేటలో వేయబోయారు.

"గడియారం మాకెందుకు బాబూ" అంది అక్క. "పది రూపాయలు సాలు. అప్పుడే ఇచ్చీసుంటే నిన్ను అప్పుడే వదిలీసుందుము గదా."

ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు.